వాపు రావాలా, వస్తేనా?

మీ ఇంటికి ఇంగ్లీషులో కాయితం వస్తే ఎవరు చదువుతారండీ? మా ఇంట్లో అయితే నేనే. మగవాళ్ళు పొలాన ఉంటారు, పోస్టుమేన్ వచ్చేది పగలు పన్నెండింటికి. నేను పొయ్యి దగ్గరున్నా సరే, అత్తగారు కవరు పట్టుకొచ్చి "ఏటి రాసినారో సూడమ్మా" అనేవారు. చేతులు కొంగుకి తుడుచుకుని చదివి చెప్పేదాన్ని. బ్యాంకు నోటీసు, కరెంటాఫీసు వాళ్ళ ఉత్తరం, మందుసీసాలో మడతపెట్టి పెట్టే చీటీ, అన్నీ నా దగ్గరికే.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. నేను కాపరానికి వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా. 2022లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. మేం మాత్రం ఉన్నచోటే ఉన్నాం. అప్పట్లో ఆ ఇంట్లో బి.ఏ. పాసైన మనిషిని నేనొక్కదాన్నే. మా వారు ఇంటరుతో ఆపేసి వ్యవసాయంలోకి దిగారు. "మా కోడలు ఇంగిలీసు మంచినీళ్ళు తాగినట్టు సదివేస్తాది" అని మావగారు రచ్చబండ దగ్గర చెప్పుకునేవారట. ఆ మాట నా చెవిన పడ్డప్పుడు పైకి సిగ్గుపడ్డాను గానీ, లోపల గర్వంగానే ఉండేది. మీతో దాచుకోవడమెందుకు?

ఇప్పుడు చెప్పబోయేది ఆ గర్వం సంగతి, ఇంగ్లీషులో ఒక చిన్న మెలిక సంగతి. మా పిల్లల పుస్తకంలో దానికి ఇన్వర్షన్ అని పేరు పెట్టారు. పేరుతో మనకి పని లేదు. పని మాత్రం చాలా ఉంది.

1998లో జరిగింది. మావగారికి షుగరు. పొలంలో తుమ్మముల్లు గుచ్చుకుని అరికాల్లో పుండు పడింది. షుగరున్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది కదా, ముల్లు దిగిన సంగతే ఆయనకి తెలీలేదు. పాదం బూరెలా పొంగాక తెలిసింది. విశాఖపట్నం తీసుకెళ్ళి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. వాపు తీసింది, పుండు మానుముఖం పట్టింది. ఇంటికి పంపేటప్పుడు ఒక కాయితం చేతికిచ్చారు. మందుల పేర్లు, కట్టు మార్చే పద్ధతి, నాలుగు వారాల తర్వాత రివ్యూకి రావలసిన తేదీ అన్నీ ఉన్నాయి. వాటన్నిటికీ కింద డాక్టరు గారు తన చేత్తో ఒక లైను రాశారు. ఆ లైను నాకిప్పటికీ నోటికొచ్చు.

షుడ్ స్వెల్లింగ్ రిటర్న్ డు నాట్ వెయిట్ ఫర్ రివ్యూ.

మధ్యలో కామా అయినా లేదు. డాక్టర్ల చేతిరాత మీకు తెలిసిందే.

ఇంటికొచ్చాక మావగారు మంచం మీద కూర్చుని, "ఏటి రాసినారమ్మా కింద?" అన్నారు. షుడ్ అంటే 'వలెను' అని కదా మనం చిన్నప్పుడు నేర్చుకున్నది? యూ షుడ్ గో అంటే నువ్వు వెళ్ళవలెను. అందుచేత వాపు తిరిగి రావలెను అని చదివాను. రెండో ముక్క, రివ్యూ కోసం చూడవద్దు అని. రెండూ కలిపి నా బుర్రకి తోచింది ఇదీ: పుండు మానేటప్పుడు వాపు మళ్ళీ వస్తుంది, రావాలి కూడా, దానికోసమని రివ్యూ అంటూ పరిగెత్తుకు రానక్కర్లేదు. పసిపిల్లలకి టీకా వేశాక జ్వరం వస్తుంది, భయపడకండి అంటారు చూడండి, అలాంటిదే అనుకున్నాను.

తొమ్మిదో రోజున వాపు వచ్చింది. అత్తగారు కంగారుపడ్డారు. "రావాలనే రాశారత్తయ్యా, కంగారు పడకండి" అన్నాను. పక్కింటి వాళ్ళు అడిగితే వాళ్ళకీ అదే చెప్పాను. బి.ఏ. చదివిన కోడలు చెబుతుంటే ఎవరు కాదంటారు? అలా ఆరు రోజులు గడిచాయి. ఏడో రోజు కట్టు విప్పితే చిటికెన వేలూ పక్క వేలూ నల్లబడి ఉన్నాయి. ఆ వాసన గురించి రాయలేను.

మళ్ళీ విశాఖపట్నం. ఆ రెండు వేళ్ళూ తీసేశారు. డాక్టరు గారు కోపంగా, "కాయితం మీద రాసే ఇచ్చాను కదమ్మా" అన్నారు. 'మీరే కదా రావాలని రాసింది' అన్న మాట నా గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఇంటికొచ్చాక మాత్రం ఆగలేదు. మేమందరం కలిసి తప్పు ఆయన మీదే వేశాం. 'వాపు రావాలని రాసిచ్చిన డాక్టరు' అని మా ఊళ్ళో ఆ పెద్దమనిషికి పేరే పడిపోయింది. పద్నాలుగేళ్ళు ఆ మాట అలా నడిచింది.

2012 వేసవిలో మా పెద్దమ్మాయి పై చదువుకి విదేశం వెళ్తానని ఐఈఎల్‌టీఎస్ పరీక్షకి చదువుతోంది. మేడ మీద నేను బూడిదగుమ్మడికాయ వడియాలు పెడుతున్నాను, అది నీడన కూర్చుని పుస్తకం తిరగేస్తోంది. కాఫీకని కిందికెళ్తూ, గాలికి పేజీలు ఎగరకుండా చూడమంది. తడిచేత్తో పేజీ పట్టుకోలేక మోచేత్తో అదిమి, ఊరికే ఉండలేక చదివాను. షుడ్ ఇట్ రెయిన్, ద మ్యాచ్ విల్ బీ క్యాన్సిల్డ్ అని ఉంది. వాన పడవలెను, మ్యాచి రద్దవును? అదేమిటి? కింద చిన్న అక్షరాల్లో దాని అసలు రూపం ఇచ్చారు. ఇఫ్ ఇట్ షుడ్ రెయిన్. వాన గనక పడితే.

అమ్మాయి పైకొచ్చేసరికి నా చేతిలో పిండి ఎండిపోయి ఉంది. "ఏమైందమ్మా?" అంది. "ఈ షుడ్ ఏమిటే?" అన్నాను. "ఓ అదా! ఇఫ్ తీసేస్తారమ్మా. తీసేసి హెల్పింగ్ వెర్బుని ముందుకి లాగుతారు. అంతే. ఉత్తరాల్లో రాస్తారు" అని కాఫీ తాగుతూ చెప్పేసింది. అంతే!

వాపు గనక తిరిగి వస్తే, రివ్యూ దాకా ఆగవద్దు. డాక్టరు గారు రాసింది అదీ.

ఆ రోజు వడియాలు సగంలో వదిలేశాను. తర్వాత చాలా రోజులు ఆ పుస్తకం, దాని తాత ముత్తాతల్లాంటి వ్యాకరణ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇంత చదువు చదివి నేనెందుకు అలా తప్పుగా అర్థం చేసుకున్నానా అని ఒకటే బాధ. నాకు దొరికిన జవాబు మీకు చెబుతాను, నాలా ఇంట్లో ఇంగ్లీషు కాయితాలు చదివేవాళ్ళు ఎందరో ఉంటారు కనక.

మన తెలుగులో మాట ఎక్కడ పెట్టినా అర్థం మారదు. 'వాడు అన్నం తిన్నాడు' అన్నా, 'అన్నం తిన్నాడు వాడు' అన్నా అన్నం తినే వస్తువే, తినేది వాడే. అర్థమంతా మాట చివరి తోకలో ఉంటుంది. వస్తాడు, వస్తే, వచ్చినా, వచ్చుంటే, అన్నీ తోకల మహిమే. ఇంగ్లీషు మాటకి అంత తోకలేదు. దానికి కుర్చీ ముఖ్యం. రైల్లో సీటు నెంబర్ల లాగా ఎవరి చోట వాళ్ళు కూర్చోవాలి. ఇద్దరు చోట్లు మార్చుకుంటే కథే మారిపోతుంది. ఐ హ్యాడ్ నోన్ అంటే నాకు తెలిసి ఉండింది. హ్యాడ్ ఐ నోన్ అంటే నాకు తెలిసుంటే. ఉన్నవి అవే మూడు మాటలు! మొదటిదాంట్లో తెలుసు, రెండోదాంట్లో తెలీదు. తెలుగు కళ్ళతో చదివేవాళ్ళం మనం కుర్చీలు పట్టించుకోం, మాటలు మాత్రం ఏరుకుంటాం. నేను చేసింది అదే. షుడ్, స్వెల్లింగ్, రిటర్న్ అని మూడు మాటలూ ఏరుకుని నాకు తెలిసిన వరసలో పేర్చేసుకున్నాను.

ఇలా ఇఫ్ అన్న మాట లేకుండా వాక్యం మొదట్లోకి దూకేవి ఈ రోజుల్లో ముఖ్యంగా మూడే. హ్యాడ్, వర్, షుడ్. పాత ఇంగ్లీషులో ఇంకా చాలా క్రియలకి ఆ అలవాటుండేదిట. ఇప్పుడు ఈ మూడే మిగిలాయి. కాబట్టి భయపడేంత లెక్కేమీ కాదు.

మరి ప్రశ్నల్లో కూడా ఇవి ముందుకొస్తాయి కదా అంటారా? వస్తాయి. షుడ్ ఐ కమ్ అని రాసి చివర ప్రశ్న గుర్తు పెడితే, నేను రావాలా అనే. ప్రశ్న గుర్తు లేకుండా, దాని వెనక ఇంకో పూర్తి వాక్యం నడుస్తూ ఉంటే అది ప్రశ్న కాదు, 'అయితే' వాక్యం. షుడ్ వాక్యంలో ఇంకో గుర్తు కూడా ఉంది. స్వెల్లింగ్ రిటర్న్స్ అని ఎస్ ఉండదు, రిటర్న్ అని బోడిగా ఉంటుంది. ముందు షుడ్ ఉంది కనక.

అసలు తమాషా ఏమిటంటే, ఈ మెలిక మనకి కొత్తేం కాదు. మనం వంటింట్లో రోజూ వాడుతున్నదే! సంక్రాంతికి అరిసెలు వండేటప్పుడు కొత్త కోడలికి ఏమని చెబుతాం? "పాకం ముదిరిందా, అరిసె రాయే. లేతగా దింపేశావా, నూనెలో విడిపోతుంది." ముదిరిందా అన్నది ప్రశ్నా? కాదు. ఆ పిల్ల "ముదరలేదత్తయ్యా" అని జవాబు చెప్పదు. ముదిరితే అన్నదానికి బదులు ముదిరిందా అన్నాం, అంతే. "పాల దగ్గర్నించి కదిలావా, పొంగిపోయాయన్నమాటే." "వాన పడిందా, ఈ ఏడు గట్టెక్కినట్టే." ప్రశ్న వేషం వేసుకున్న 'అయితే' ఇది. ఇంగ్లీషు వాళ్ళు చేసేదీ ఇదే. వాళ్ళకి ప్రశ్న వేషమంటే క్రియని ముందుకి తేవడం, మనకి వేషమంటే చివర దీర్ఘం. ఆ డాక్టరు గారి వాక్యాన్ని మా అత్తగారి భాషలోకి మారిస్తే ఇలా ఉంటుంది: "వాపు మళ్ళీ వచ్చిందా, రివ్యూ గివ్యూ అనకండి, వచ్చీయండి."

ఇది తట్టిన రోజున నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. పాకం దగ్గర రోజూ వాడే వాక్యమే కాయితం మీద కనబడితే పోల్చుకోలేకపోయాను.

హ్యాడ్ సంగతి వేరు. అది జరిగిపోయినదాని గురించి. ఇక మార్చలేం. హ్యాడ్ ఐ నోన్, ఐ వుడ్ హావ్ టేకెన్ హిమ్ ద సేమ్ డే. నాకు తెలిసుంటే ఆ రోజే తీసుకెళ్ళి ఉండేదాన్ని. ముందు హ్యాడ్ ఉందంటే వెనక మామూలుగా వుడ్ హావో, కుడ్ హావో ఉంటుంది, జంట పక్షులు. దీనికి మన 'ముదిరిందా' పనికిరాదు, 'తెలిసుంటే' అని తోక తగిలించాల్సిందే. కాదు, లేదు అని చెప్పాలంటే హ్యాడ్ ఐ నాట్ సీన్ అని నాట్‌ని విడిగా రాయాలి. మాట్లాడేటప్పుడు అలవాటుగా హ్యాడంట్ అని కలిపేస్తాం చూడండి, ఇక్కడ అది చెల్లదు. హ్యాడ్ ఇట్ నాట్ బీన్ ఫర్ అని ఒకటుంది, అది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. దాని వెనక ఎవరి పేరుంటే వాళ్ళు లేకపోయుంటే అని అర్థం. హ్యాడ్ ఇట్ నాట్ బీన్ ఫర్ మై మదరిన్‌లా, ఐ వుడ్ హావ్ లెఫ్ట్ మై స్టడీస్ అంటే, మా అత్తగారే లేకపోతే నా చదువు ఆగిపోయేది. చూడగానే అత్తగారి మీద ఫిర్యాదు లాగా కనబడుతుంది గానీ, నిజానికది దండం పెట్టడం.

వర్ అన్నది ఊహల్లో తిరిగేది. వర్ ఐ ఇన్ యువర్ ప్లేస్ అంటే నేనే నీ స్థానంలో ఉంటే. ఐ పక్కన వాజ్ కదా రావాలి అని మా అమ్మాయితో పేచీ పెట్టుకున్నాను. ఇక్కడ ఎవరి పక్కనైనా వర్ అనే రావాలట. వర్ హీ టు కమ్ అంటే వాడు గనక వస్తే. వస్తాడన్న ఆశ పెద్దగా లేదన్నమాట. ఇది రోజువారీ కాయితాల్లో తక్కువ, దీని దగ్గర ఎక్కువసేపు ఆగను.

ఈ మూడూ కాక ఇంకే క్రియనీ ఇలా ముందుకి తోయకూడదు. మా అమ్మాయే మొదట్లో ఉత్సాహం కొద్దీ డు యూ నీడ్ హెల్ప్, కాల్ మీ అని రాసి తప్పు పెట్టించుకుంది. షుడ్ యూ నీడ్ హెల్ప్, కాల్ మీ అనాలి.

ఇంకో చిక్కు. ఈ ముక్క ఎప్పుడూ వాక్యం మొదట్లోనే ఉంటుందన్న పూచీ లేదు. వెనక కూడా వస్తుంది. అప్పుడు కామా కూడా పెట్టరు. ద బ్యాంక్ మే సెల్ ద గోల్డ్ షుడ్ ద లోన్ రిమెయిన్ అన్‌పెయిడ్. బంగారం కుదువబెట్టినవాళ్ళు ఇలాంటి వాక్యం దగ్గర ఆగి రెండుసార్లు చదవాలి. మధ్యలో ఉన్న షుడ్ ముందు ఇఫ్ ఉందనుకుని చదివితే తేలిగ్గా విడుతుంది. అప్పు గనక తీర్చకుండా ఉండిపోతే, బంగారం అమ్మవచ్చు.

ఇదంతా చదివి, మరి దీన్ని మాట్లాడేటప్పుడు వాడాలా అని అడుగుతారేమో. వద్దండీ. ఇది ఇంగ్లీషు వాళ్ళ గ్రాంథికం లాంటిది. సంతలో వంకాయల బేరం చేస్తూ "తగ్గించెదవేని కొనెదను" అంటే ఎలా ఉంటుంది? ఇదీ అలాగే ఉంటుంది. మాటల్లో ఇఫ్ చాలు. కానీ రాతల్లో, ముఖ్యంగా ఆసుపత్రులు, బ్యాంకులు, కంపెనీలు రాసే మర్యాద ఉత్తరాల్లో అది కూర్చునే ఉంటుంది. మనం వాడనక్కర్లేదు. పోల్చుకుంటే చాలు.

గ్రాంథికం అంటే గుర్తొచ్చింది. రాసే భాష ఒకటి, మాట్లాడే భాష ఒకటి ఎందుకుండాలి అన్న పోరాటం పుట్టింది మా ప్రాంతంలోనే కదా. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో మా శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయనా గురజాడ అప్పారావు గారూ విజయనగరం మహారాజా వారి బడిలో చదువుకున్న స్నేహితులు. ఇద్దరూ ఇంగ్లీషులో దిట్టలే. గిడుగు వారు పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెబుతూ, అడవుల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, దాని వ్యాకరణం ఇంగ్లీషులో రాస్తే 1931లో అచ్చయింది. గురజాడ వారు కుర్రతనంలో ఇంగ్లీషులో పద్యాలు రాశారు. ఆ తర్వాతే 'కన్యాశుల్కం' జనం మాట్లాడే తెలుగులో రాశారు. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చువేశారు. అందులో గిరీశం వెంకటేశానికి చెప్పే ఇంగ్లీషు చదువు చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నామో! 1998 తర్వాత నాకు నేనే వెంకటేశంలా అనిపిస్తూ ఉంటాను.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యేట్స్ అని ఒక దొర మా వైపు బడులకి ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు ఇంకొకటి, ఇదేమిటని ఆయన అడిగారు. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు వారు, గురజాడ వారు అందరూ ఆ ప్రశ్న దగ్గర కలిశారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం వాళ్ళు గ్రాంథికం వైపు మొగ్గితే, గురజాడ వారు తన అసమ్మతి అంతా ఒక పెద్ద పత్రంగా రాసిచ్చారు. వాడుక తెలుగు కోసం రాసిన ఆ పత్రం ఇంగ్లీషులో ఉంది! ఎవరికి చెప్పాలో వాళ్ళకి తెలిసే భాషలో చెప్పారు. నాకది చాలా నచ్చుతుంది. చదివేవాడికి తెలిసే భాషలో రాయాలన్నది కూడా అదే కదా.

సరే, అసలు విషయం మిగిలిపోయింది. మావగారికి చెప్పాలి.

వడియాల రోజు నుంచి నెల్లాళ్ళు చెప్పలేకపోయాను. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. వేళ్ళు లేని కాలికి మెత్తటి చెప్పు కుట్టించుకుని, కర్ర ఆనించుకుని చెరువుగట్టు దాకా వెళ్ళివస్తూ ఉండేవారు. నా మీద చిన్న అనుమానమైనా ఎప్పుడూ పడలేదు. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒక సాయంత్రం అరుగు మీద ఒక్కరే ఉన్నారు. ఆ పాత కాయితం పట్టుకెళ్ళి పక్కన కింద కూర్చున్నాను. "మావయ్య గారూ, ఆ డాక్టరు తప్పు లేదు. వాపు వస్తే వెంటనే రండి అని రాశారు. నేనే రావాలని చదివాను" అన్నాను. ఇంకా చాలా చెబుదామనుకున్నాను, గొంతు పెగల్లేదు.

ఆయన కాయితం తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. ఇంగ్లీషు ఆయనకి రాదు. తెలుగు మాత్రం పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా అక్షరం పోకుండా చదువుతారు. కాసేపు చూసి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి, "ఇంత సిన్న ముక్కేటమ్మా?" అన్నారు. తర్వాత, "తెలుగులో రాసుంటే నానే సదువుకుందును గదా" అన్నారు.

అంతకు మించి ఆ సంగతి ఎత్తలేదు. నన్ను ఏమీ అనలేదు.

ఆయన అన్న ఆ ఒక్క ముక్కని ఇంగ్లీషులో చెప్పాలంటే హ్యాడ్‌తోనే మొదలవుతుంది. హ్యాడ్ ఇట్ బీన్ రిటెన్ ఇన్ తెలుగు, ఐ వుడ్ హావ్ రెడ్ ఇట్ మైసెల్ఫ్. రాసుంటే, సదువుకుందును. జంట పక్షులని చెప్పానే, ఆ రెండూ ఆయన మాటలో ఎంత సులువుగా కూర్చున్నాయో చూడండి. మా అమ్మాయి పరీక్షకి ఎన్ని వాక్యాలు వల్లె వేయించానో గానీ, నాకు నిలిచిపోయిన వాక్యం ఇదొక్కటే.

ఒక పని మాత్రం చేశాం. ఆ డాక్టరు గారు అప్పటికి రిటైరైపోయారు. ఎక్కడున్నారో కనుక్కుని మా వారు ఫోను చేశారు. ఆయనకి మా కేసు గుర్తులేదు. ఉండదు కూడా. అయినా మా వారు జరిగిందంతా చెప్పి, ఊళ్ళో మీకు చెడ్డపేరు తెచ్చాం, క్షమించమన్నారు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత, కామా పెట్టానా అని అడిగారట. లేదని మా వారు చెప్పారు.

మర్నాడు పొద్దున్నే మావగారు ట్రంకుపెట్టె నడవలోకి లాగించారు. పాలసీ బాండ్లు, ట్రాక్టరు అప్పు కాయితాలు, పాస్‌బుక్కులు, ఎప్పటివో ఆసుపత్రి చీటీలు అన్నీ చాప మీద పోసి, "ఇందుల్లో ఆ షుడ్డులెన్నున్నాయో ఏరీయమ్మా" అన్నారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అన్నం వండింది ఆ పూట అత్తగారే. నాలుగు దొరికాయి. ఒకటి ట్రాక్టరు అప్పు కాయితంలో, వాక్యం మధ్యలో, కామా లేకుండా.